తొలి ముద్రణలో ఏముంది? తెలంగాణ పోరాట జ్ఞాపకాల పుస్తకాల సేకరణపై ఒక సమీక్ష

ఇందుకూరుపేట నుంచి పెన్న దాటి ఉత్తరానికి పోతే విడవలూరు మండలం, అందులో అలగానిపాడు. పుచ్చలపల్లి సుందరయ్య 1913 మే 1న పుట్టిన ఊరు అది. హైదరాబాదు సంస్థానంలో దొరల మీద, నిజాం మీద, ఆ తర్వాత యూనియన్ సైన్యం మీద సాగిన సాయుధ పోరాటాన్ని నడిపిన నాయకుల్లో ఒకరు, దాని గురించి ఆరువందల పేజీలకు దగ్గరగా పుస్తకం రాసినవారు, ఈ సముద్రపు ఒడ్డు మాగాణి పల్లెల నుంచి వెళ్లినవారే. ఆ యుద్ధం మా పొలాల్లో జరగలేదు. దాని పుస్తకాలు మాత్రం మా ఇళ్లకొచ్చాయి. కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు పాత పార్టీ కుటుంబాల్లో అటకల మీద, ట్రంకు పెట్టెల అడుగున అట్టలూడిన ప్రతులు ఇప్పటికీ బయటపడుతుంటాయి. వాటికోసం వెతికేవాళ్లు కూడా ఈమధ్య పెరిగారు.

వెతికేవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే: ఇది తొలి ముద్రణేనా? అడగదగ్గ ప్రశ్నే. కానీ దాని వెనకున్న ఆలోచన ఇంగ్లీషు పుస్తకాల సంత నుంచి వచ్చింది. రచయిత మాట మొదటిసారి అచ్చులో వెలుగు చూసిన రూపం గనక తొలి ముద్రణకు అక్కడ అంత విలువ. మన పోరాట పుస్తకాల సంగతి వేరు. తుపాకులు పేలిన కాలానికీ పుస్తకాలు అచ్చయిన కాలానికీ మధ్య ఇరవై ఏళ్లకు పైగా గడిచాయి. ఈలోగా ఒక పార్టీ రెండయింది, రెండు మూడయ్యాయి. కాబట్టి ఈ పుస్తకాల తొలి ముద్రణను తొలి మాటగా చూడకూడదు. ఆ మాటను ఎప్పుడు, ఎవరి తరఫున, ఎవరిని ఒప్పించడానికి చెప్పారో తెలిపే సాక్ష్యంగా చూడాలి. ఇప్పుడున్న సేకరణ ధోరణి అట్ట నిగనిగను చూస్తోంది, ఈ సాక్ష్యాన్ని పట్టించుకోవడం లేదన్నది నా ఫిర్యాదు.

కాలక్రమం ఒకసారి సరిచూసుకుందాం. 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభ రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. 1948 సెప్టెంబరు 13న యూనియన్ సైన్యం సంస్థానంలోకి దిగింది, 17న నిజాం లొంగిపోయాడు. పోరాటం మాత్రం 1951 అక్టోబరు దాకా ఆగలేదు. దీనిమీద ముందుగా పుస్తకాలు రాసుకున్నవాళ్లు గద్దెల దగ్గర ఉన్నవాళ్లు. హైదరాబాదులో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా పనిచేసిన కె.ఎం. మున్షీ పుస్తకం 1957లో వచ్చింది. నిజాం చివరి ప్రధాని మీర్ లాయక్ అలీ గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరి, అక్కడ తన కథను 1962లో అచ్చువేయించాడు. ఇవి ఇంగ్లీషు పుస్తకాలు, గట్టి బైండుతో వచ్చినవి. ఏ నగరంలోనైనా పాత పుస్తకాల వ్యాపారికి వీటి ధర తెలుసు. తుపాకి పట్టినవాళ్ల పుస్తకాల ధర చాలామంది వ్యాపారులకు తెలియదు. సేకర్తకు అదొక రకంగా అదృష్టం, పుస్తకానికి దురదృష్టం. ధర తెలియని పుస్తకం కిలోల లెక్కన పాత కాగితాల బండి ఎక్కుతుంది.

పోరాడినవాళ్ల వైపు నుంచి పెద్ద పుస్తకాలు 1972, 73లలో మొదలయ్యాయి. సుందరయ్య గ్రంథం 1972 డిసెంబరులో కలకత్తాలో ఇంగ్లీషులో వెలువడింది. మార్క్సిస్టు పార్టీ తరఫున దేశ్‌రాజ్ చడ్ఢా ప్రచురించారు. 1973లో రావి నారాయణరెడ్డి జ్ఞాపకాలు కమ్యూనిస్టు పార్టీ ప్రచురణగా ఢిల్లీ నుంచి ఇంగ్లీషులో వచ్చాయి. ఆరుట్ల రామచంద్రారెడ్డి జ్ఞాపకాల ఇంగ్లీషు పుస్తకం 1984 నాటిది. స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వచ్చింది. నల్లా నరసింహులు, దేవులపల్లి వెంకటేశ్వరరావు వంటివారు తమ తమ కోణాల నుంచి రాశారు. ఆఖరున మల్లు స్వరాజ్యం జీవితకథ ‘నా మాటే తుపాకీ తూటా’ను హైదరాబాద్ బుక్ ట్రస్టు 2019లో తెచ్చింది. అంటే కాల్పులు ఆగిన అరవై ఎనిమిదేళ్లకు కూడా ఈ యుద్ధం గురించి తొలి ముద్రణలు వస్తూనే ఉన్నాయి.

ఇంత ఆలస్యం ఎందుకైంది? 1951 తర్వాత కూడా చాలామంది జైళ్లలోనే ఉన్నారు, బయటున్నవాళ్లు 1952 ఎన్నికల్లో మునిగారు. ఆశ్రయమిచ్చిన ఇళ్ల పేర్లు బయటపెడితే ఆ ఇళ్లకు ముప్పు. పైగా ఏం జరిగిందో చెప్పాలంటే ముందు ఎవరు తప్పు చేశారో తేల్చాలి, అది పార్టీలో తేలలేదు. మరి 1972లోనే ఎందుకు మొదలైంది? స్వాతంత్ర్యానికి పాతికేళ్లు నిండి, ప్రభుత్వం తామ్రపత్రాలు, పింఛన్లు ఇస్తున్న ఏడాది అది. ఎవరు సమరయోధులు, ఎవరు కారు అన్న మాట దేశమంతటా నడుస్తోంది. ఇంకా దగ్గరి కారణం మనింట్లోనే ఉంది. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, 1972 ఆఖరుకు జై ఆంధ్ర ఉద్యమం. కోస్తా జిల్లాల్లో రైళ్లు, ఆఫీసులు స్తంభించిన నెలల్లో, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన రావడానికి కొద్దిగా ముందు, నెల్లూరు జిల్లా మనిషి రాసిన తెలంగాణ వీరగాథ అచ్చయింది. 1946లో ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ అనే చిన్న పుస్తకం రాసినవారు కూడా ఆయనే. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే 1972 ముద్రణ ఎవరికోసమో తెలుస్తుంది. గెరిల్లా దళాల కథ చెబుతూనే, విడిపోదామని ఆ రోజు వీధుల్లో నినదిస్తున్న జనానికి తెలుగువాళ్లు విడిపోవద్దని అది పరోక్షంగా సమాధానం చెబుతోంది. తర్వాతి ముద్రణల్లో ఇదే వాక్యాలు చదివినా ఆ వేడి తగలదు.

ఇక ఆ పుస్తకాన్ని జ్ఞాపకాల పుస్తకం అనవచ్చా? సగమే అనవచ్చు. సుందరయ్య స్వానుభవంతో పాటు పార్టీ నివేదికలు, సర్క్యులర్లు, దళాల్లో పనిచేసినవాళ్లు చెప్పిన సంగతులు అందులో కలిసి ఉన్నాయి. సొంత జీవితాన్ని ఆయన వేరుగా ‘విప్లవ పథంలో నా పయనం’లో చెప్పుకున్నారు. అది 1985 మే 19న ఆయన పోయాక పుస్తకమైంది, 2009లో నేషనల్ బుక్ ట్రస్టు ఇంగ్లీషులో తెచ్చింది. పోరాటంలో నాలుగు వేలమంది చనిపోయారనీ, పదివేలమందికి పైగా జైళ్లలో, నిర్బంధ శిబిరాల్లో మగ్గారనీ, మూడు వేల గ్రామాల్లో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయనీ, పది లక్షల ఎకరాలు పంచారనీ ఇప్పటికీ అందరూ ఉటంకించే లెక్కలకు మూలం ఈ పెద్ద పుస్తకమే. ఈ అంకెలు పార్టీవి. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఇవి మొదట ఎక్కడ ఎలా అచ్చయ్యాయో చూడాలంటే పాత ప్రతి చేతిలో ఉండాలి.

సేకర్తను తికమక పెట్టే సంగతి ఇంకొకటుంది. ఈ గ్రంథంలోని సారాన్నే సుందరయ్య అప్పట్లో త్రివేండ్రం నుంచి వెలువడుతున్న ‘సోషల్ సైంటిస్ట్’ మాసపత్రికలో 1973 ఫిబ్రవరి నుంచి మే దాకా నాలుగు భాగాలుగా రాశారు. తెలుగులో ‘వీర తెలంగాణ విప్లవ పోరాటం – గుణపాఠాలు’ పేరుతో పుస్తకం వచ్చింది. కలకత్తా ఇంగ్లీషు ప్రతి, ఆ నాలుగు పత్రికలు, తెలుగు ప్రతి, ఈ మూడింటిలో దేన్ని తొలి ముద్రణ అనాలి? బయటి సంతలో ఇంగ్లీషు ప్రతికే గిరాకీ. నా మట్టుకు నేను తెలుగు ప్రతికే ముందు పీట వేస్తాను. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, గూడేల పేర్లు సరిగా పలికేది అందులోనే. ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్లి తిరిగొచ్చిన ఊరి పేరు ఒక్కోసారి పక్క తాలూకా ఊరై కూర్చుంటుంది.

పేర్ల మాట వచ్చింది గనక అచ్చు పని గురించి కొంత వివరంగా చెప్పాలి. మన సేకర్తలు తక్కువగా పట్టించుకునేది దీన్నే. 1980ల దాకా తెలుగు పుస్తకాలు ఎక్కువగా సీసపు అక్షరాలు చేత్తో పేర్చి అచ్చువేసినవే. కంపోజిటరు గళ్లపెట్టెలోంచి ఒక్కొక్క అక్షరం, ఒత్తు, గుణింతపు గుర్తు ఏరి వరస కడతాడు. తెలుగు గుణింతాలు, ఒత్తుల వల్ల ఆ పెట్టెలో గళ్లు ఇంగ్లీషుకన్నా ఎన్నో రెట్లు. పదహారు పేజీల ఫారం అచ్చయ్యాక టైపు విప్పేసి మళ్లీ గళ్లలో వేసేయాలి, లేకపోతే తర్వాతి ఫారానికి అక్షరాలు చాలవు. చిన్న ప్రెస్సులకు వందల పేజీల టైపును కట్టి ఉంచే స్తోమత లేదు. కాబట్టి రెండో ముద్రణ అంటే పుస్తకం మొత్తం మళ్లీ మొదటి అక్షరం నుంచి పేర్చడమే. అప్పుడు పాత తప్పులు కొన్ని పోతాయి, కొత్తవి చేరతాయి. మామూలు నవలలో అచ్చుతప్పు పడితే చదువరి సర్దుకుంటాడు. అమరవీరుల జాబితాలో పడితే ఒక మనిషికి వేరే ఊరు అంటుకుంటుంది, లేదా ఒకరు ఇద్దరవుతారు. సుందరయ్య పుస్తకంలో చనిపోయినవాళ్ల పేర్లకు కేటాయించిన చోటు చిన్నది కాదు. వరంగల్లు, నల్లగొండ పల్లెల్లో తాత పేరు వెతుక్కునే మనవడికి ఏ ముద్రణలో చూశాడన్నది ముఖ్యం.

ఆఫ్‌సెట్ వచ్చాక ఈ లెక్క మారింది. ఫిల్ము దాచుకుని అదే పేజీని ఎన్నిసార్లైనా అచ్చువేయవచ్చు. తర్వాత కంప్యూటరు టైపింగు వచ్చి మళ్లీ మొదటికి తెచ్చింది. పాత పుస్తకాన్ని కొత్తగా కొట్టించిన ప్రతిసారీ పాఠం కదులుతుంది. మన ప్రచురణకర్తలు మార్పులు చేసినా చేయకపోయినా ద్వితీయ ముద్రణ అనే వేస్తారు గనక ఆ పేజీ చూసి ఏమీ తేలదు. రెండు ప్రతులు పక్కపక్కన పెట్టుకుని, ముందుమాట తేదీ, పేజీల సంఖ్య, ఏదో ఒక అధ్యాయం చివరి వాక్యం ఏ పేజీలో పడిందన్నది పోల్చాలి. ముందుమాట మార్చడం, పాత ముందుమాట తీసేయడం పార్టీ ప్రచురణల్లో కద్దు. అందుకే నేను పుస్తకం చేతికి రాగానే మొదట చూసేది ముందుమాట సంతకం కింద తేదీ, రెండోది వెనక అట్ట మీద ఇతర ప్రచురణల జాబితా. సంవత్సరం వేయని పుస్తకాన్ని ఆ జాబితాయే పట్టిస్తుంది. ఫలానా ఏడాది వచ్చిన పుస్తకం జాబితాలో ఉంటే ఈ ప్రతి అంతకు ముందుది కాదని గట్టిగా చెప్పవచ్చు.

తేదీ తేల్చడానికి చట్టం కూడా సాయపడుతుంది. 1867 నాటి ప్రెస్సు, పుస్తకాల రిజిస్ట్రేషను చట్టం ప్రకారం ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, అచ్చయిన చోటు, ప్రచురణకర్త పేరు ఉండాల్సి ఉండేది, ప్రతులు ప్రభుత్వానికి ఇవ్వాల్సి ఉండేది. మద్రాసు రాష్ట్రం ఆ పుస్తకాల పట్టికలను మూడు నెలలకోసారి గెజిట్ అనుబంధంగా వేసేది. ఏ ప్రెస్సు, ఎన్ని పేజీలు, ఎన్ని ప్రతులు, ఎంత వెల అన్నీ అందులో ఉండేవి. పరాయి ప్రభుత్వం నిఘా కోసం పెట్టుకున్న ఏర్పాటు ఇప్పుడు మన సేకర్తకు కరదీపిక అయింది. 1954 చట్టం కింద కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ప్రతులు వెళ్లాలి. వెళ్లవలసినవన్నీ వెళ్లాయని అనుకోవడానికి లేదు. పార్టీ ప్రచురణల విషయంలో మరీనూ.

చట్టం అడిగిన పేర్లేవీ లేని కాగితాల దగ్గరికి వద్దాం. ఈ సమీక్షలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. యుద్ధకాలపు అసలు ముద్రణలు ఆ పెద్ద పుస్తకాలు కావు. 1944 నుంచి 1951 దాకా వచ్చిన కరపత్రాలు, అర్ధణా అణా పుస్తకాలు, సైక్లోస్టైలు సర్క్యులర్లు అవి. బెజవాడలో పార్టీ పత్రిక ‘ప్రజాశక్తి’ ఆగిపోయేదాకా, అంటే 1948 దాకా, కొన్ని బాహాటంగా అచ్చయ్యాయి. ఆ తర్వాతవి రహస్యంగా వచ్చాయి. ప్రెస్సు పేరు ఉండదు, ఉంటే నిజం కాకపోవచ్చు. సుంకర, వాసిరెడ్డిల ‘మా భూమి’ నాటకాన్ని నిషేధించిన కాలం అది. మద్రాసు ప్రభుత్వం శాంతిభద్రతల పరిరక్షణ చట్టం కింద బొంబాయి నుంచి వచ్చే ‘క్రాస్‌రోడ్స్’ పత్రికను రాష్ట్రంలోకి రానివ్వకపోతే దాని సంపాదకుడు రమేశ్ థాపర్ సుప్రీంకోర్టుకు వెళ్లి 1950లో గెలిచారు. పత్రికా స్వేచ్ఛ మీద ఇప్పటికీ చెప్పుకునే తీర్పు అది. కోర్టులో గెలవడం వేరు, మన పల్లెలో కరపత్రం ఇంట్లో పెట్టుకోవడం వేరు. మలబారు పోలీసులు ఊరిమీద పడతారంటే కోస్తా ఇళ్లలో ఆడవాళ్లు చేసిన మొదటి పని కాగితాలు పొయ్యిలో పెట్టడం. 1975 ఎమర్జెన్సీలో మిగిలినవాటికి కూడా అదే గతి పట్టింది.

అందుకని ఈ కాగితాల్లో చాలా భాగం పోలీసుల దగ్గరే మిగిలింది. దాచుకున్నవాళ్ల ఇంట్లోది చెదలకు పోయింది, పట్టుకుపోయినవాళ్ల ఫైల్లోది భద్రంగా ఉంది. హైదరాబాదు తార్నాకలోని ప్రభుత్వ పురావస్తు పత్రాల భాండాగారంలో, మద్రాసు ఎగ్మూరు భాండాగారంలో పోలీసు, హోం శాఖల దస్త్రాలకు జతచేసిన కరపత్రాలను తిరగేస్తే ఆ కాలం కనిపిస్తుంది. సేకర్తలు వాటిని కొనలేరు, కొనకూడదు కూడా. కానీ తమ దగ్గరున్న కరపత్రం ఏదో తెలుసుకోవడానికి వాటితో పోల్చవచ్చు. నా మాట అడిగితే, నలిగిన నాలుగు పేజీల 1947 కరపత్రం ఒక్కటి 1972 నాటి మెరిసే ప్రతులు పదింటితో సమానం. సేకరణలు చాలావరకు ఇందుకు తలకిందులుగా ఉన్నాయి. బీరువాలో నిలబెడితే కనబడేది లావు పుస్తకమే గదా.

నిషేధం ముద్రణల్ని ఎలా మారుస్తుందో తెలుగు పాఠకుడికి ‘మాలపల్లి’ వల్ల తెలుసు. ఉన్నవ నవల 1922లో వచ్చి నిషేధానికి గురై, 1928లో మార్పులతో మళ్లీ వెలువడింది, 1936లో మళ్లీ నిషేధం పడింది, మరుసటి ఏడు కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక తొలగింది. ఆ నవల ఏ ముద్రణ చదివారని పరిశోధకులు ఒకరినొకరు అడుగుతారు. పోరాట జ్ఞాపకాల విషయంలో ఆ ప్రశ్న అడగడం మనకింకా అలవాటు కాలేదు.

బయటి ప్రపంచంలో అలవాటైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్బుల తిరుగుబాటు గురించి టి.ఇ. లారెన్స్ రాసిన పుస్తకాన్ని 1922లో ఆక్స్‌ఫర్డులోని ఒక పత్రిక ప్రెస్సులో ఎనిమిది ప్రతులే తీయించుకున్నాడు. 1926లో చందాదారుల కోసం సుమారు రెండు వందలు వేశాడు. మామూలు జనానికి అందింది 1935లో, అతను పోయాక. 1922 ప్రతికీ 1926 ప్రతికీ మధ్య పుస్తకం బాగా చిక్కింది. ఏది మంచిదన్న వాదన ఇప్పటికీ ఉంది. ఆన్ ఫ్రాంక్ డైరీ 1947 జూన్ 25న ఆమ్‌స్టర్‌డామ్‌లో మూడు వేల చిల్లర ప్రతులుగా వచ్చినప్పుడు తండ్రి కొన్ని భాగాలు తీసేశాడు. 1986లో నెదర్లాండ్స్ యుద్ధ పత్రాల సంస్థ పాఠాంతరాలన్నిటినీ పక్కపక్కన వేసి చూపించింది. అటువంటి పని ఇక్కడ ఎవరైనా తలపెడితే వాళ్లకు కావలసిన ముడిసరుకు సేకర్తల బీరువాల్లోనే ఉంది. అందుకే బీరువాకు తాళం వేసుకునే సేకర్త మీద నాకు అంత గౌరవం లేదు.

రెండు పార్టీల రెండు పుస్తకాల మాట కూడా చెప్పాలి. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చాక పోరాటం ఆపేయాల్సిందన్నది రావి నారాయణరెడ్డి వాదన. 1951 దాకా సాగడం వల్లనే రైతులకు దక్కిన భూమి కొంతైనా నిలిచిందన్నది సుందరయ్య సమర్థన. అసలు విరమించడమే తప్పన్నది దేవులపల్లి వర్గం మాట. విశాలాంధ్ర దుకాణంలో ఒకరి పుస్తకం, ప్రజాశక్తి దుకాణంలో మరొకరిది. ఒక ఇంట్లో ఇద్దరివీ ఉండటం అరుదు, ఎందుకంటే 1964లో పార్టీ చీలినప్పుడు ఇళ్లు కూడా చీలాయి. ఒక ప్రతిలో రెండో వర్గం మనిషి పేరు వచ్చిన చోటల్లా మార్జిన్‌లో పెన్సిల్ గీతలు, ప్రశ్నార్థకాలు, ఒక్కోసారి తిట్లు ఉంటాయి. పాత పుస్తకాల వ్యాపారి వాటిని లోపం కింద లెక్కగట్టి ధర తగ్గిస్తాడు, మరీ తెలివైనవాడైతే రబ్బరుతో తుడిచేస్తాడు. నేనైతే ఆ గీతలున్న ప్రతికే ఎక్కువ ఇస్తాను. ఒక తరం పాఠకులు ఈ పుస్తకంతో ఎలా పోట్లాడారో రాసిపెట్టినది వేరే ఎక్కడా లేదు.

ఆడవాళ్ల జ్ఞాపకాల దగ్గర తొలి ముద్రణ అన్న లెక్క మళ్లీ మారుతుంది. ‘మనకు తెలియని మన చరిత్ర’లోని స్త్రీలు రాయలేదు, చెప్పారు. వాళ్ల ముందు టేపురికార్డరు పెట్టి విన్నారు. ఇంగ్లీషు రూపం 1989లో ఢిల్లీలోని కాళీ ఫర్ విమెన్ నుంచి వచ్చి ప్రపంచమంతటా పాఠాల్లో చేరింది. కానీ నల్లగొండ యాస వినిపించేది 1986 తెలుగు ప్రతిలోనే, దానికన్నా ముందు ఆ టేపుల్లో. తొలి ముద్రణకు ముందే తొలి రూపం ఉన్న పుస్తకం ఇది. మల్లు స్వరాజ్యం పుస్తకం కూడా ఆమె చెబుతుంటే వేరేవాళ్లు అక్షరబద్ధం చేసినదే. ఇలాంటి పుస్తకాలను సేకరించేవాళ్లు కాగితంతో ఆగితే సగమే సేకరించినట్టు.

ఈ ప్రతులు ఇప్పుడు ఎక్కడున్నాయి? వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి పాత పత్రికలకు పెట్టింది పేరు. హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. జిల్లా గ్రంథాలయ సంస్థల శాఖల్లో కొన్ని మిగిలాయి, కాకపోతే గట్టి కాలికో బైండు వేయడంలో మొదటి అట్టలు పీకేశారు. చిత్రమేమిటంటే, 1962 నుంచి అమెరికా గోధుమల బాకీకి జమగా వచ్చిన రూపాయలతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం తెలుగు పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. అందువల్ల అమెరికా వ్యతిరేక నినాదాలతో నిండిన మన పార్టీ పుస్తకాలు అట్టలతో సహా షికాగో, విస్కాన్సిన్ అరల్లో చల్లగా ఉన్నాయి.

అన్నీ ఒక్కచోట చేర్చి పెద్ద భాండాగారం కడదామని తరచూ అంటుంటారు. నేను ఒప్పుకోను. 2000 ఆగస్టులో హైదరాబాదు వరదల్లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకి నీళ్లొచ్చి పెద్ద నష్టం జరిగింది. మద్రాసు మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయినప్పుడు ఎన్ని తెలుగు పుస్తకాలు బూడిదయ్యాయో ఎవరూ లెక్క వేయలేదు. 2015, 2021 నవంబరు వానల్లో నెల్లూరు చుట్టుపక్కల ఊళ్లు నీళ్లలో నిలబడ్డాయి. నాలుగు చోట్ల నాలుగు ప్రతులుండటమే మేలు. ఎక్కడ ఏముందో చెప్పే పట్టిక మాత్రం ఒక్కటే ఉండాలి. ఆ పట్టిక లేదు. ఫలానా పుస్తకం ఎన్ని ముద్రణలు, ఏ ప్రెస్సు, ఏ ముందుమాట, ఎన్ని పేజీలు అన్నది ఒక పరిశోధక విద్యార్థి ఏడాది కూర్చుంటే తేల్చగల పని.

స్కానింగు వల్ల ఇదంతా తీరిపోయిందనుకోవడం పొరపాటు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుణ్యమా అని వేల తెలుగు పుస్తకాలు చదువుకోగలుగుతున్నాం, కాదనను. కానీ అట్టలు వదిలేసినవి, ముద్రణ వివరాల పేజీ ఎగిరిపోయినవి, సంవత్సరం తప్పుగా నమోదైనవి కొల్లలు. పుస్తకం చదవడానికి అది చాలు, ముద్రణ గుర్తుపట్టడానికి చాలదు. స్కాను తీసేవాళ్లు ముందట్ట, వెనకట్ట, ధర మీద అతికించిన చీటీ, గ్రంథాలయం ముద్ర, అన్నీ తీయాలి. ఖాళీ పేజీ అయినా వదలకూడదు.

మా తీరంలో దాచుకోవడం గురించి రెండు మాటలు. మైపాడు నుంచి వచ్చే ఉప్పుగాలికి మొదట పాడయ్యేది కాగితం కాదు, దానికి కొట్టిన పిన్ను. తుప్పు పట్టి చుట్టూ ఎర్రటి మచ్చ వేసి కాగితాన్ని తినేస్తుంది. పిన్ను జాగ్రత్తగా తీసి దారంతో కుట్టుకోవాలి. చవక న్యూస్‌ప్రింటు తనంతట తానే పులిసి పెళుసుబారుతుంది, దాన్ని ఎండలో పెట్టకూడదు. సెల్లోటేపు, ల్యామినేషన్ రెండూ శత్రువులే. గ్రంథాలయం ముద్ర ఉండి, రద్దు చేసినట్టు ముద్ర లేని ప్రతి అమ్మకానికి వస్తే కొనవద్దు, ఆ గ్రంథాలయానికి చెప్పండి.

రొయ్యల చెరువుల డబ్బుతో ఈ ఊళ్లలో పాత మట్టిమిద్దెలు, పెంకుటిళ్లు ఒక్కొక్కటే పడి కొత్త డాబాలు లేస్తున్నాయి. పడగొట్టే ముందు అటక దింపుతారు, సేకర్తకు అదే అదను. అప్పుడు దొరికిన ప్రతితో పాటు ఒక చీటీ పెట్టుకోవాలి: ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఆ ఇంట్లో దాన్ని చదివిందెవరు, పార్టీ ఎటు, ఎలా వచ్చిందని చెప్పారు. ఇంటివాళ్లు పేరు రాయవద్దంటే ఊరి పేరుతో ఆపేయాలి. పెన్సిల్‌తోనే రాయాలి. ఇక్కడి గాలికి ఇంకు పాకుతుంది.